తుప్పు పట్టిన వెనుకచక్రము

మోటారుకారు చక్రము వెనుక నేమున్నదో తెలిసికొనవలసిన యవసరము స్త్రీలకు లేదని చాలమంది తలంతురు. కాని యా కారులో బిడ్డల నొడిలో నుంచుకొని కూర్చుండువారము మనమే గదా! బ్రేకు పట్టనినాడు ప్రమాదము మనకును గలదు. క్రిందటి వానకాలమున మా యింట జరిగిన పనిని సోదరీమణులకు తెలుపుట యిందులకే.

మేము బోధను శక్కర్‌నగరులో నివసింతుము. 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల నీటితో నీ సీమయందు చెఱకుతోటలు పెరిగినవి. ఆ చెఱకు నాడుటకు 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. మా మామగారందు ఫిట్టరుగా పనిచేసిరి. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడిన నాటనుండి వారి పనిముట్ల పెట్టె అటుకమీదనే యుండెను. అత్తగారి మూత్రపిండములు చెడినందున వారమునకు 3 మారులు డయాలిసిసు చికిత్సకై నిజామాబాదునకు కొనిపోవలయును. బస్సు ప్రయాణమున కామె యోర్వలేరు. అందుచే పాతకారొకటి కొంటిమి. చిన్నకార్లలో పెక్కింటికి వెనుకతట్టున డ్రమ్ములుండును. దీనికి నాలుగు చక్రములకును డిస్కులే.

ఒకనాడు జానకంపేట దాటిన పిమ్మట బ్రేకు నొక్కినపుడెల్ల వెనుకనుండి యినుము నినుము గీచినట్లు చప్పుడు వినవచ్చెను. మెల్లగా నిల్లు చేరి, మరమ్మతు చేయువానిని పిలిపించితిమి. ప్యాడ్లు పూర్తిగా నరిగి డిస్కులను కోసినవనియు, రెంటిని మార్చవలెననియు నతడు చెప్పెను. అంతవఱకు బాగుగనే యున్నది. డిస్కు హబ్బునుండి యూడి రాకపోగా సమ్మెట తెప్పించి యంచుమీద బాదజొచ్చెను. అంచు పగిలెనే గాని డిస్కు కదలలేదు. ఇక గ్యాసుమంటతో కాల్చెదననెను. మేమొప్పుకొనలేదు. హబ్బులో బేరింగులున్నవి, వాని కా దెబ్బలే యెక్కువ. ఎల్లుండి యత్తగారి చికిత్స! అద్దెబండికి వలయు రూకలు లెక్కవేసికొనుచు కూర్చుంటిమి.

అపుడు మామగారు పెట్టె దింపింపుమనిరి. చెఱకాడని నెలలలో మిల్లు యంత్రములను విప్పి బాగుచేయునపుడు తుప్పుతో వారికి చాల పరిచయము. చక్రము తీసి, చిన్నమర యేదైన నున్న దానినిగూడ తీసిన తరువాత డిస్కును హబ్బున కంటియుంచునది తుప్పొక్కటియే యని వారు చూపిరి. ఇనుము తుప్పుగా మాఱినపుడుబ్బును. హబ్బు నడిమిగుబ్బకును డిస్కు రంధ్రమునకును నడుమనున్న సందు వెంట్రుకవాసియే. అచట తుప్పుబ్బినచో మేకు దిగగొట్టినట్లే. చలిదేశములలో మంచు కరగుటకు బాటలమీద ఉప్పు చల్లుదురు గాన నచటివారి కీ బాధ మఱింత హెచ్చు. మాకు వానయు, చెఱకు ట్రాక్టర్లు రాల్చు కాలువమన్నును చాలును.

"తుప్పుతో కొట్లాడరాదమ్మా, దానికి త్రావనిచ్చి రాత్రి నిద్రపుచ్చవలె" ననిరి మామగారు.

కారు సమనేలపై నుండెను. ముందుచక్రములకు రాళ్లడ్డుపెట్టి, జాకీనే నమ్మక స్టాండులుగూడ నుంచి, హ్యాండుబ్రేకు వదలితిమి. కొన్ని కార్లకు హ్యాండుబ్రేకు పట్టీలు డిస్కు గర్భముననే యుండును. వానిని సడలింపక యెంత లాగినను ఫలము లేదు. క్యాలిపరును విప్పి, దాని బరువు గొట్టముపై పడకుండ తీగతో పైకి కట్టితిమి. బ్రేకుదుమ్ము నూదక తడిగుడ్డతో తుడిచితిమి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెఱుపు. గ్యాసునూనెలో నింజనునూనె కొంత కలిపి, దీపమును పొయ్యిని దూరముగా నుంచి, నడిమిగుబ్బ చుట్టును చుక్కచుక్కగా పోసితిమి. రాత్రియొకమారు, తెల్లవాఱుజామున నొకమారు.

కొన్ని డిస్కులకు మరలున్న రంధ్రములు 2 ఉండును; వానిలో బోల్టులు బిగించిన డిస్కు తానే వెలికివచ్చును. మా దానికవి లేవు. మామగారు క్యాలిపరు బిగించు చెవుల రంధ్రములందు పొడవు బోల్టులు దూర్చి, కొనలు డిస్కు వెనుకతట్టున కానునట్లు నట్టులమర్చిరి. పానా పట్టగానే వారి చేతులు వణకెను. వారేమియు ననక పానా మా చేతికిచ్చిరి. పావుచుట్టు బిగించుట, డిస్కును కొంచెము త్రిప్పుట, మరల బిగించుట. ఒకేచోట నొత్తిన వంకరగా బిగిసిపోవునట. ఇట్లరగంట గడచిన పిమ్మట టప్పుమని యొక శబ్దము. డిస్కు మా యొడిలో పడినంత పని చేసెను! రెండవది శ్రమ పెట్టలేదు.

హబ్బును తీగకుంచెతో తోమి, దాని ముఖముననే పలుచగా గ్రీజు పూసితిమి. డిస్కు రాపిడి ముఖమునకుగాని ప్యాడ్లకుగాని జిడ్డంటిన బ్రేకు పట్టదు. క్రొత్త డిస్కులకు దుకాణమునుండి పూసివచ్చు నూనెను గూడ కడుగవలయును. రెండుప్రక్కలను మార్చి, బండి కదల్పకమున్నే పెడలు గట్టిపడువఱకు పలుమారులు నొక్కితిమి. మొదట మా వీధిలోనే మెల్లగా నడిపి చూచితిమి.

వానకాలమున బండి నిలిచియుండు దినములందు మేమిపుడు హ్యాండుబ్రేకు లాగియుంచము. గేరులో నుంచి చక్రములకు రాయి యడ్డుపెట్టుదుము. అనుకొన్ననాడే అత్తగారు నిజామాబాదు వెళ్లివచ్చిరి. పాతడిస్కులు రెంటిని పాతయినుపవానికిత్తుమన్న వల్లగాదని, అంచు పగిలినదానిపై మల్లెకుండీని, రెండవదానిపై కరివేపకుండీని పెట్టుకొనిరి.