ఉప్పెన వెంట

విజయవాడ

బావా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. లైబ్రరీలో పాత పేపర్ల బైండు పుస్తకాలు తిరగేస్తున్నాను. పుట తిప్పితే చాలు, అంచులు పొడిపొడిగా రాలి చొక్కా మీద పడుతున్నాయి. మన కాలం సినిమా ప్రకటనలు చూద్దామని కూర్చున్నవాణ్ణి 1977 నవంబరు దగ్గర ఆగిపోయాను. అప్పటినుంచీ ఒకే మాట వెంట పడి తిరుగుతున్నాను: ఉప్పెన.

దివిసీమవాడివి, నీకు నేను చెప్పేదేముంది. నవంబరు 19, శనివారం. తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. జనం ఎక్కువగా పోయింది మీ వైపు. అదెందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మన సముద్రంలో తుపాను సుడి అపసవ్యంగా తిరుగుతుంది గనక, అది తీరం దాటే చోటికి కుడిపక్కన గాలి నీటిని నేల మీదికి తోస్తుందట. ఆ కుడిపక్కనే మీ దివి. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీరు ఎటూ పోలేక లేస్తుంది. అయిదు మీటర్ల దాకా లేచి, మైళ్ల కొద్దీ ఊళ్లలోకి వచ్చేసింది. సర్కారు లెక్కే దాదాపు 10,000 మంది. ఊళ్లవాళ్ల లెక్క వేరే.

తీగలు తెగి, దారులు మునిగి కబురే ఆలస్యంగా బయటికొచ్చింది. నేను చూసిన కట్టల్లో ముందు శీర్షికలన్నీ తుపానువే. ఉప్పెన అన్న మాట ఆ తర్వాత, శవాలతో, గొడ్ల కళేబరాలతో, ఉప్పుబారిన చెరువులతో పాటు వచ్చింది. ఒకటి గమనించాను: ఆ వార్తల్లో దానికి విశేషణాలు లేవు. ఉప్పెన వచ్చింది, ముంచింది, తీసుకుపోయింది. అంతే.

తర్వాత్తర్వాత అదే మాట ఊరేగింపుల్లోకి ఎక్కింది. జన ఉప్పెన, అభిమానుల ఉప్పెన. వాతావరణం మాటలన్నీ రాజకీయాలవాళ్లు ఎత్తుకుపోయారులే. 1983లో ఎన్టీ రామారావుగారు గెలిస్తే ప్రభంజనం అన్నారు. దివి బాధితుల కోసం నాగేశ్వరరావుగారితో కలిసి వీధుల్లో చందాలు పోగుచేసింది కూడా ఆయనే, నీకు గుర్తుండే ఉంటుంది. 2004 డిసెంబరు తర్వాత సునామీ కూడా ఎన్నికల్లోకి దిగింది. గాలి, ప్రభంజనం పోతే పోయాయి, నాకు పెద్ద బెంగ లేదు. ఉప్పెనను మాత్రం వాళ్లకు వదలబుద్ధి కావడం లేదు.

ఎందుకంటే ఇప్పుడు నిజంగా తుపాను వస్తున్నప్పుడు పేపరు చూస్తే, అలలు ఎగసిపడతాయని రాస్తారు. అల వేరు, ఉప్పెన వేరు కదా బావా. అల వచ్చి వెనక్కి పోతుంది. ఉప్పెన వస్తే మన ఇంట్లోనే నిలబడుతుంది. డెస్కు మీద శీర్షిక పెట్టే కుర్రాడు ఏ కడపవాడో, కరీంనగర్‌వాడో అయితే వాడికి ఎలా తెలుస్తుంది? చెప్పాల్సింది పక్కన కూర్చున్న పెద్దవాళ్లు.

1990 మేలో మళ్లీ అంతటి తుపానే మన తీరం మీదికి వచ్చింది. ముందే లక్షకు పైగా జనాన్ని తరలించబట్టి చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ఆ ప్రాణాలు నిలబెట్టింది రాడార్లూ, లారీలూ, షెల్టర్లూ. మాటలు కాదని నాకూ తెలుసు. కానీ గొడ్డునూ గోదానూ వదిలి లారీ ఎక్కమంటే ఊరికే ఎక్కుతారా? అలలు వస్తాయంటే చూద్దాంలే అంటారు. ఉప్పెన అంటే పిల్లల్ని చంకనేసుకుని బయల్దేరతారు.

2021లో అదే పేరుతో సినిమా వచ్చింది, చూశావా? మా మనవడికి ఉప్పెన అంటే ఆ పాటలే. వాడి మీద కోపమేం లేదు, పాటలు నాకూ నచ్చాయి.

నీకో పని చెబుతున్నాను. అత్తయ్య నీ దగ్గరే ఉందిగా, అడుగు. 1864లో బందరును ఉప్పెన ముంచినప్పుడు 30,000 మంది పోయారంటారు. అక్కడినుంచి 1977 దాకా నూటపదమూడేళ్లు. ఆ మధ్యకాలంలో మీ ఇళ్లలో ఆ మాట అనుకునేవాళ్లా? బందరు కథలు ఎవరైనా చెప్పేవాళ్లా? లేక ఆ శనివారం తర్వాతే అందరి నోటా పడిందా? ఇది ఏ బైండు పుస్తకంలోనూ దొరకదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఫోన్లో రికార్డు చేసి పంపు. నువ్వు సరిదిద్దకు.

నీ
బావ