తేలెడి ఇటుక

వరంగల్లునకు ఈశాన్యమున, పాలంపేటలో రామప్ప దేవాలయమున్నది. గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో దీనిని నిర్మింపజేసెను. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు, దీని శిఖరమునందలి ఇటుక నీట తేలునను వింతనే పత్రికలు మరల మరల చాటినవి.

కాని, కట్టినవారికి ఇటుకను నీట విడుచు పనియేమి? వారి చింత వేరు. అడుగున ఇసుక నింపిన పునాది. దానిపై రాతి స్తంభములు, దూలములు. ఆపైన ఎత్తయిన శిఖరము. శిఖరమునుగూడ రాతితోనే కట్టినచో ఆ భారమంతయు క్రిందివానిపై పడును. అందుచే సన్నని రంధ్రములు నిండిన తేలిక ఇటుకను కాల్చి వాడిరి. దాని సాంద్రత నీటి సాంద్రతకన్న తక్కువ. కనుకనే అది తేలును.

కాలక్రమమున ఆలయపు నేల అక్కడక్కడ క్రుంగినది. దూలములు కొన్ని పగిలినవి. శిఖరము నిలిచియేయున్నది.