బైపోలార్ కుంగుబాటుకు వెలుగు చికిత్స: కురుపాం ప్రాంతవాసులకు కొన్ని మాటలు

కురుపాం ప్రాంతంలో ఎండకు కరువు లేదు. ఏడాదిలో అతి చిన్న పగళ్లు వచ్చే డిసెంబరులో కూడా ఇక్కడ దాదాపు 11 గంటలు వెలుతురు ఉంటుంది. అటువంటి చోట ‘వెలుగుతో చికిత్స’ అంటే మీకు వింతగా తోచవచ్చు. అమెరికాలో నార్మన్ రోసెంతాల్ బృందం 1984లో చలికాలంలో పగలు తగ్గినప్పుడు వచ్చే కుంగుబాటును వర్ణించి, ప్రకాశవంతమైన దీపాల ముందు కూర్చున్నవారికి ఉపశమనం కలిగిందని తెలిపింది. అది మనకెందుకు అంటారేమో.

అయితే రోగి ఎక్కడ ఉన్నాడో చూడండి. ప్రభుత్వ వైద్యునిగా కొండ గ్రామాలలో నేను చూసిన కుంగుబాటు రోగులు ఎండలో లేరు. చూరు కిందికి దిగిన, కిటికీ లేని ఇంటి మూలలో దుప్పటి ముసుగు వేసుకొని ఉన్నారు. బద్ధకమని ఇంటివారు, గాలి సోకిందని ఊరివారు అనుకునేవారు. బయట ఎంత ఎండ కాసినా ఆ మూలకు వెలుతురు చేరదు.

బైపోలార్ వ్యాధిలో మనస్సు కొంతకాలం ఉన్మాదపు ఉద్రేకంలోను, మరికొంతకాలం తీవ్రమైన కుంగుబాటులోను ఉంటుంది. ఎక్కువమంది కుంగుబాటులోనే ఎక్కువ కాలం బాధపడతారు. కుంగుబాటు మందులను మాత్రమే ఇస్తే కొందరు ఉన్మాదంలోకి మళ్లే ప్రమాదం ఉంది. వెలుగు చికిత్సపై వైద్యులకు ఆసక్తి కలగడానికి ఇదొక కారణం. కంటి రెటీనాలోని ప్రత్యేక కణాలు వెలుతురును గ్రహించి మెదడులోని జీవగడియారానికి సంకేతం పంపుతాయి. నిద్ర, మెలకువ, మనోస్థితి ఆ గడియారంతో ముడిపడి ఉన్నాయి.

అమెరికాలో డొరొతీ సిట్ బృందం బైపోలార్ కుంగుబాటు ఉన్న 46 మందిపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. ఒక వర్గానికి 7,000 లక్స్ తెల్లని వెలుతురు, మరొక వర్గానికి 50 లక్స్ మసక ఎర్రని వెలుతురు మధ్యాహ్న వేళ ఇచ్చారు. రోజుకు 15 నిమిషాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచారు. ఆరు వారాల నాటికి మొదటి వర్గంలో 68 శాతం మంది, రెండవ వర్గంలో 22 శాతం మంది కుంగుబాటు నుండి బయటపడ్డారు. అందరూ ఉన్మాదాన్ని అదుపులో ఉంచే మందులు వాడుతూనే ఉన్నారు. ఈ సంగతి మరువకండి.

మధ్యాహ్నమే ఎందుకు? అదే వైద్యురాలి బృందం 2007లో తొమ్మిది మంది మహిళలపై ప్రచురించిన పరిశీలనలో, ఉదయపు వెలుగు పొందిన నలుగురిలో ముగ్గురికి ఉద్రేకం, కుంగుబాటు కలగలిసిన స్థితి ఏర్పడింది. కనుక వెలుగుకు కూడా వేళ, మోతాదు ఉన్నాయి.

ఇది చదివి రోగిని మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చోబెట్టవద్దు. లిథియం వాడేవారు చెమటతో నీరు, ఉప్పు కోల్పోతే రక్తంలో ఆ మందు విషస్థాయికి చేరవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. క్లోర్‌ప్రోమజీన్ వాడేవారి చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది. సూర్యుణ్ణి నేరుగా చూడటం కంటికి హాని. చెట్టు నీడ దీపానికి సమానమని ఎవరూ నిరూపించలేదు. అయినా మధ్యాహ్నపు నీడలో కూడా వేల లక్స్ వెలుతురు ఉంటుంది. ఇంటి బల్బు కింద కొన్ని వందలే. అందుచేత వైద్యునితో మాట్లాడి, రోగిని పావుగంట అరుగు మీదనో మామిడిచెట్టు నీడనో, నీళ్లచెంబు పక్కన పెట్టి కూర్చోబెట్టండి. కంటిజబ్బు ఉంటే ముందే చెప్పండి.

రాత్రి చీకటి కూడా అంతే అవసరం. శంబర జాతరలో తెల్లవార్లూ మేల్కొనడం మనకు వేడుకే కావచ్చు. బైపోలార్ రోగికి ఆ నిద్రలేమి ఉన్మాదానికి దారితీయవచ్చు. వెలుగు మొదలుపెట్టాక నిద్ర తగ్గినా, మాటలు, ఖర్చు, కోపం పెరిగినా వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవండి.

రోగి లేచి నవ్వుతూ పనికి వెళ్లిన నాడు మాత్రలు ఎందుకని ఇంటివారు అనుకోవడం సహజం. ఆ నవ్వు నిలవడానికే మాత్రలు. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. చావు మాటలు వినిపిస్తే రోగిని ఒంటరిగా విడిచిపెట్టకండి. ఉచిత టెలి మానస్ సేవ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.