యాడికి హాకీ అరుగు

అనంతపురము జిల్లాలో గుత్తికిని తాడిపత్రికిని నడుమ యాడికి అను ఊరు కలదు. వేరుసెనగ చేలు, సున్నపురాతి గుట్టలు, మగ్గముల చప్పుడు ఆ ఊరి గురుతులు. కోనుప్పలపాడు కడ ఆ రాతిలోనే నేల క్రిందికి దిగిన గుహలు కలవు. వాన మాత్రము ఆ సీమకు దూరపు చుట్టము వంటిది. వచ్చిన వచ్చినట్లు, రాకున్న లేదు. జిల్లాలో ఏడాదికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి ఊరిలో క్రికెట్టును ప్రేమించువారిని లెక్కించుట కష్టము. హాకీని ప్రేమించువారిని లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్ళు చాలును. అందును బొటనవ్రేలు మిగులును.

ఆ నలుగురిలో పెద్దాయన రైల్వే ఉద్యోగి. గుంతకల్లులో చాలకాలము పనిచేసి, అచటి రైల్వేవారి ఆటస్థలమున హాకీ చూచి, కొంత ఆడి, ఆ పిచ్చిని ట్రంకుపెట్టెతో బాటు ఊరికి తెచ్చెను. రైల్వేలు హాకీ ఆటగాండ్రకు కొలువులిచ్చి పోషించెడివి గనుక రైలు పోయిన చోటికెల్ల ఆ ఆటయు కొంత పోయినది. సెలవులకు వచ్చునప్పుడు ఆయన చేతిలో మల్బరీ కొయ్యతో చేసిన కర్ర యుండెడిది. తక్కిన మువ్వురును అప్పుడు బాలురు. ఒకడు నేతగాని కొడుకు, ఒకడు దర్జీ కొడుకు, ఒకడు రైతు కొడుకు. అట్టి కర్ర కొనుటకు వారికి డబ్బెక్కడిది? తుమ్మచెట్టున వంకర తిరిగిన కొమ్మను చూచి నరికి, నిప్పుసెగకు వంచి, కర్రలు చేసికొనిరి. మగ్గము కడ మిగిలిన పోగులను ఉండగా చుట్టి, పైన తోలు తొడిగి బంతి చేసిరి. దాని కుట్టుపని దర్జీ కొడుకుది. చెరువు ఎండిన యేడు చెరువే వారి ఆటస్థలము. ఎండని యేడు అరుదు గనుక వారికి స్థలమునకు కొరత కలుగలేదు.

ఆట ముగిసిన పిదప గట్టుపై కూర్చుండి పెద్దాయన హాకీ కథలు చెప్పెడివాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ధ్యాన్‌చంద్ మొదలగువారు స్వర్ణపతకము గెలుచుట, అది మొదలు 1956 వరకు వరుసగా ఆరు ఒలింపిక్సులలో భారతదేశమే గెలుచుట, 1960లో రోమునందు ఒక్క గోలుతో పాకిస్తానుకు ఓడుట, 1964లో టోక్యోనందు మొహిందర్‌లాల్ కొట్టిన ఒక్క గోలుతో ఆ ఋణము తీర్చుకొనుట, ఆనాడు గోలు ముందు శంకర్ లక్ష్మణ్ కోటగోడవలె నిలుచుట. సుందరకాండ వినునట్లు బాలురు వినెడివారు. రోము కథ వచ్చినపుడు మాత్రము రైతు కొడుకు లేచి గట్టు దిగి పోయి, టోక్యో కథకు తిరిగి వచ్చెడివాడు.

పెరిగి పెద్దవారై ఎవరి వృత్తిలో వారు కుదురుకొన్న తరువాత, దర్జీ తన అంగడిలో రేడియో పెట్టించెను. అంగడి ముందరి అరుగు నాటినుండి హాకీ అరుగు అయినది. హాకీ వ్యాఖ్యానము వచ్చునది హిందీలోనో ఆంగ్లములోనో. దర్జీకి ఇంటి భాష ఉర్దూ గనుక హిందీ అతనికి నీళ్ళ ప్రాయము. తక్కినవారికి అది అగమ్యగోచరము. అతడు కుట్టుయంత్రము త్రొక్కుచునే ఒక్కొక్క వాక్యమును తెలుగు చేసి చెప్పెడివాడు. 1975 మార్చి 15వ తేదీన కౌలాలంపూరులో ప్రపంచకప్పు తుది పోటీ జరిగెను. జస్‌దేవ్ సింగు గొంతు హిందీలో ఉరకలు వేయుచుండగా దర్జీ గొంతు తెలుగులో దాని వెంట పరుగెత్తుచుండెను. ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్‌కుమార్ గోలు కొట్టి 2-1 చేసినపుడు దర్జీ మొదట ఎగిరెను. ఏమి జరిగినదో అతడు చెప్పిన తరువాత తక్కిన మువ్వురును ఎగిరిరి. ఒకే గోలుకు ఆ అరుగుమీద రెండు మారులు కేకలు పుట్టుట ఎదుటి టీ అంగడివారికి ఎప్పుడును వింతగనే యుండెడిది.

నలుగురును కలిసికొనునది హాకీ ఉన్ననాడే యనుకొనరాదు. ఏడాదిలో హాకీ పోటీలు ఎన్ని? ప్రతి సాయంకాలము వారు చేరెడివారు. బొరుగుల పొట్లము ఒకటి, టీలు నాలుగు. మాటలు మొదట వానతో మొదలయ్యెడివి. పిదప నూలు ధర, వేరుసెనగ ధర, రాయలచెరువు స్టేషనులో రైలు ఎంత ఆలస్యముగా వచ్చినదో ఆ ముచ్చట. ఎట్లు తిరిగినను తుదకు మాట హాకీకే చేరెడిది. దర్జీ కూతురి పెండ్లికి చీర నేతగాని మగ్గమునుండి వచ్చినది. నేతగాని కొడుకుల పెండ్లికి చొక్కాలు దర్జీ కుట్టెను. కొత్త పంటలో మొదటి మూట రైతు ఈ అరుగుమీదనే విప్పెడివాడు. వారికి రెండే నియమములు: పందెము కట్టరాదు, గోలురక్షకుని తిట్టరాదు. మొదటిది పెద్దాయన పెట్టినది. రెండవదాని పుట్టుక వేరు.

1982 డిసెంబరు 1వ తేదీ. ఢిల్లీలో ఆసియా క్రీడల హాకీ తుది పోటీ. రంగుల టెలివిజను దేశమునకు ఆ యేడే వచ్చినది గాని యాడికి అరుగును ఇంకను చేరలేదు. రేడియోయే దిక్కు. ఎదుట పాకిస్తాను. మొదటి గోలు భారతదేశమే కొట్టెను, అరుగు అదరినది. అటుపిమ్మట పాకిస్తాను వారు ఒకటి కొట్టిరి, రెండు కొట్టిరి, మూడు కొట్టిరి. ఒక్కొక్క గోలును తెలుగులో చెప్పవలసినవాడు దర్జీయే. మూడవదానికి అతని గొంతు తగ్గెను. నాలుగవదానికి అతడు నోరు మెదపలేదు. రేడియోలోని కేకలనుబట్టి తక్కినవారికి తెలియుచునే యున్నది.

“చెప్పన్నా,” అనెను నేతగాడు. “నువ్వు చెప్పకుంటే గోలు పోకుండా ఉంటుందా?”

దర్జీ చెప్పెను. అయిదు, ఆరు, ఏడు. ఆట 7-1గా ముగిసెను.

టీ అంగడి కడ నిలిచిన యువకు డొకడు ఇటు తిరిగి, “లోపల సాయిబుకు సంతోషమే ఉంటుందిలే,” అని నవ్వెను.

దర్జీ తల యెత్తలేదు. రైతు సాధారణముగా మితభాషి. అతడు అరుగు దిగి, ఆ యువకుని భుజముపై చేయివేసి, “అబ్బీ, ఈ పొద్దు మన జట్టుకు కెప్టెన్ ఎవరో చెప్పు,” అని అడిగెను. యువకునికి తెలియదు. “జఫర్ ఇక్బాల్. ఆట తెలుసుకొని రాప్పా, అప్పుడు మాట్లాడుకుందాం,” అని రైతు వచ్చి తన చోట కూర్చుండెను. యువకుడు టీ సగము విడిచి పోయెను.

అరుగుమీద మాట లేదు. కుట్టుయంత్రము మాత్రము ఆగక తిరుగుచుండెను. కొంతసేపటికి పెద్దాయన చూడగా సూది క్రింద గుడ్డ లేదు. ఆయన తన భుజముమీది తువ్వాలు తీసి, “దీని అంచు ఊడింది, కాస్త కుట్టు,” అని యంత్రముపై పెట్టెను. దర్జీ దానిని కుట్టెను. మరునాడు నలుగురును ఎప్పటికంటె ముందుగనే అరుగు చేరిరి.

ఆ పరాజయమునకు దేశమంతయు గోలురక్షకుడు మీర్ రంజన్ నేగీని నిందించినది. అమ్ముడుపోయినాడని కూడ అన్నారు. యాడికి అరుగు ఒక్కటి అనలేదు. ఊరక చూచిన కన్నులతో ఒకని గుండెలోనిదానిని తీర్పు చెప్పుట ఎంత సులువో వారు ముందునాడే చూచియుండిరి. నేగీ తరువాతి కాలమున 2002లో మాంచెస్టరు కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము గెలిచిన భారత మహిళా జట్టునకు శిక్షకులలో ఒకడుగా నుండెను. ఆ వార్త పత్రికలో వచ్చినపుడు దర్జీ దానిని కత్తిరించి యంత్రము ప్రక్కన గోడకు అంటించెను.

1980లో మాస్కోనందు స్పెయినును 4-3తో గెలిచిన స్వర్ణము ఎనిమిదవది. దాని తరువాత పతకము లేదు. 1986 ప్రపంచకప్పులో పండ్రెండు జట్లలో మనది పండ్రెండవ స్థానము. ఊరి పిల్లలు అప్పటికే క్రికెట్టు వైపు పోయిరి. 1983లో కపిల్‌దేవ్ జట్టు గెలిచిన పిదప తుమ్మకొమ్మను వంచువాడు లేడు. తిన్నని కొమ్మకే గిరాకి.

ఓటమికి కారణ మేమన్న ప్రశ్నపై అరుగుమీద ఇరువది యేండ్లు వాదము జరిగెను. 1976లో మాంట్రియాల్ ఒలింపిక్సున మొదటిసారిగా హాకీని కృత్రిమపు పచ్చికపై ఆడించిరి. భారతదేశమునకు ఏడవ స్థానము వచ్చెను. మట్టినేలపై బంతిని కర్రకు అంటించుకొని పోవు మన నేర్పు అచట అక్కరకు రాలేదు. ఆ పచ్చికపై బంతి వేగముగా పోవును; పరుగును బలమును కావలెను. తరువాత వచ్చిన రకములకు ఆటకు ముందు నీరు చల్లవలెను. తడి లేనిచో బంతి తడబడును, పడినవాని మోకాలు ఒరసికొనిపోవును. 1998లో అరుగునకు టెలివిజను వచ్చెను. పోటీకి ముందు నాలుగు మూలలనుండి నీళ్ళు చిమ్ముట రైతు కన్నులార చూచెను. ఆ యేడు అతని బోరుబావి ఎండినది.

“ఆటకా ఇన్ని నీళ్ళు?” అనెను రైతు. “నీళ్ళున్నోళ్ళు ఆటను నీళ్ళల్లోకి తీసుకపోయినారు. మన ఎండునేల ఆట అది. మోసం.”

“మోసం ఏముందప్పా?” అనెను పెద్దాయన. “నీళ్ళు లేవని నువ్వు శెనక్కాయ వేసేది మానినావా? వాళ్ళు నేర్చుకున్నారు, మనం నేర్చుకోలేదు.”

ఇరువురి మాటలోను నిజము కలదు. రైతు మాటలోని నిజము పెద్దది కాకపోయినను నొప్పి పెద్దది. బోరు సంగతి ఎత్తుట పెద్దాయనకు తగలేదు. ఆనాటినుండి రైతు మాటలాడలేదు. వచ్చుట మాత్రము మానలేదు. వచ్చి, అరుగుమీద అటు తిరిగి, వీధివైపు మొగము పెట్టి కూర్చుండెడివాడు. అతని టీ అతని వీపు ప్రక్కన పెట్టెడివారు. మూడు నెలలు ఇట్లే జరిగినది.

డిసెంబరులో బ్యాంకాకునందు ఆసియా క్రీడల తుది పోటీ వచ్చెను. కొరియాతో ఆట సమముగా ముగిసి, గెలుపు పెనాల్టీ స్ట్రోకులపై పడెను. గోలురక్షకుడు ఆశీష్ బల్లాల్ మొదటిది ఆపినంతనే కేక పుట్టెను. వీధివైపు తిరిగి కూర్చున్నవానికి టెలివిజను కనబడదు గదా! రైతు గిరుక్కున తిరిగెను. భారతదేశము ముప్పదిరెండేండ్ల తరువాత ఆసియా స్వర్ణము గెలిచినది. రైతు మరల వీధివైపు తిరుగుట మరచిపోయెను. మరునాటి ఉదయము పెద్దాయన ఇంటినుండి ఉగ్గాణి, బజ్జి ఒక గిన్నెనిండ అతని ఇంటికి పోయినవి.

హైదరాబాదు నుండి ముకేశ్‌కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సులలో మూడు మారులు ఆడినప్పుడును, నాటి చిత్తూరు జిల్లాలోని ఎనుములవారిపల్లె యను చిన్న పల్లెనుండి రజని భారత మహిళా జట్టునకు గోలురక్షకురాలైనప్పుడును ఆ అరుగున చుట్టము పెండ్లి వంటి సందడి. 2008లో బీజింగ్ ఒలింపిక్సునకు భారత హాకీజట్టు అర్హతయే పొందలేదు. ఆ నెల అరుగుమీద వాన మాటయే మాట. ఆటను నాలుగు భాగములు చేసినపుడు, విరామములు మూడగుటచే టీలు కూడ మూడింతలైనవని దర్జీ గొణిగెను. కొన్నేండ్లకు పెద్దాయన కన్నుమూసెను. ఆయన కూర్చుండు స్తంభము ప్రక్క చోటున రైతు తన పైపంచ మడిచి పెట్టెడివాడు. తెలియనివారు అచట కూర్చుండకుండుటకు.

2021 ఆగస్టు 5వ తేదీ ఉదయము ఏడు గంటలకు టోక్యోలో కాంస్యపతకము కొరకు జర్మనీతో పోటీ. కరోనా దినములగుటచే అంగడి మూసియే యున్నది. మువ్వురును మూతికి గుడ్డలు కట్టుకొని ఎడముగా కూర్చుండి, నేతగాని మనుమరాలి ఫోనును బొరుగుల డబ్బాకు ఆనించి చూచిరి. 1-3తో వెనుకబడిన మనవారు 5-4కు వచ్చిరి. ఆరు సెకండ్లు మిగిలియుండగా జర్మనీకి పెనాల్టీ కార్నరు దొరకెను. శ్రీజేష్ దానిని ఆపెను. అంతవరకును దర్జీ వినబడుచున్న ప్రతి మాటను తెలుగు చేయుచునే యుండెను.

“మాకూ కనబడతానే ఉంది కదన్నా,” అనెను నేతగాడు.

“అలవాటప్పా,” అని దర్జీ కన్నులు తుడుచుకొనెను. నలువదియొక్క యేండ్ల తరువాత వచ్చిన పతకము అది. రైతు ప్రక్కనున్న పైపంచను ఒకమారు తాకి చూచెను.

ఆ ఫోను పిల్లయే తరువాత కర్ర పట్టినది. స్పెయిను దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురమునకు వచ్చి నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పిల్లలకు నేర్పిన ఆటలలో హాకీ యొకటి. ఆమె అచట చేరినది. 2024 ఆగస్టు 8వ తేదీన పారిస్ నగరమున మనవారు మరల కాంస్యమునకు ఆడిరి, ఎదుటివారు స్పెయినువారే. హర్మన్‌ప్రీత్ రెండు గోలులతో 2-1గా గెలిచినపుడు, “స్పెయిను వాళ్ళు బాధపడతారేమో తాతా,” అని పిల్ల అనగా, “మాస్కో నుంచి వాళ్ళకు అలవాటే,” అనెను రైతు.

సెలవులకు వచ్చిన ఆ పిల్ల కర్రను బస్సులో తీసికొని పోవుటకు సంచి కావలెనన్నది. దర్జీ కర్రను బల్లపై పరచి టేపుతో కొలిచెను: ముప్పదియారున్నర అంగుళములు. వంపు కడ గుడ్డ ఎంత వదలవలెనన్న విషయమై వాదము పుట్టినది. నేతగాడు పట్టు అంచు వేయుమనెను. పిల్ల సిగ్గుపడి వలదన్నది. బంతికి వేరుగా జేబుండవలెనని రైతు పట్టుబట్టెను. గుండీలు చాలునని తాత, జిప్పే కావలెనని మనుమరాలు. ఒక పూటలో కావలసిన ఆ సంచి కుట్టుటకు నాలుగు దినములు పట్టినది.