సోలింగెన్ చాకు, దాని మీది ముద్ర

జర్మనీ పడమటి భాగంలో, వుపర్ నది వంపుల పక్కన కొండవాలుల మీద ఉంది సోలింగెన్. జనాభా సుమారు లక్షా అరవై వేలు. 2012 నుంచి ‘కత్తుల నగరం’ అన్న మాట ఊరి అధికారిక పేరులోనే చేరింది. వుపర్‌లోనూ, దానిలో కలిసే వాగుల్లోనూ నీళ్ళు వడిగా పారతాయి కాబట్టి ఒడ్డు వెంట నీటిచక్రాలు పెట్టి సానరాళ్ళు తిప్పేవారు. అలాంటి పాత సానశాల ఒకటి, బాల్క్‌హౌజర్ కోటెన్, ఇప్పుడు మ్యూజియం.

అక్కడ చాకు ఒక్కడి చేతి పని కాదు. కమ్మరి అలుగు సాగగొట్టేవాడు. ఇంకొకడు కాల్చి, ముంచి గట్టిపరిచేవాడు. సానవాడు పదును తెచ్చేవాడు, చివరి మనిషి పిడి బిగించేవాడు. చాలామంది ఇంటి దగ్గరే పని ముగించి సరుకును వ్యాపారికి అప్పగించేవారు. అందుకే పాత చాకు మీది పేరు చేసినవాడిదే అని వెంటనే నమ్మకూడదు. అమెరికాలో దాన్ని అమ్మిన వర్తకుడిది కూడా కావచ్చు.

ముద్ర ఉండేది అలుగు మొదట్లో, పిడిలో కలిసే చోట. గోరంత ఉండే ఆ చదును మీద గరుకు కాగితం పెట్టి రుద్దితే తుప్పుతోపాటు అక్షరాలూ పోతాయి. ఒక చుక్క నూనె వేసి, కాసేపు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడవాలి. తర్వాత దీపాన్ని పక్కవాటుగా పట్టి భూతద్దంలో చూస్తే, అరిగిన గీత కూడా నీడ పడి తేలుతుంది. అక్షరాలు పోయినా బొమ్మ మిగిలితే చాలు. జంట మనుషుల బొమ్మ హెంకెల్స్ వారిది, 1731 జూన్ 13న నమోదైంది. చెట్టు బోకర్ వారిది. ముక్కులు ఆనించుకున్న కొంగల జత రాబర్ట్ క్లాస్ వారిది. అయితే ఇవి తరాల తరబడి వాడిన గుర్తులు, వయసు వీటితో తేలదు.

వయసుకు దేశం పేరు చూడాలి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890 సుంకాల చట్టంలో పెట్టింది. అక్కడికి వెళ్ళే చాకుల మీద ‘జర్మనీ’ అన్న మాట స్థిరపడింది అప్పటి నుంచే. ఆ మాట లేదని అంతకుముందుదిగా తేల్చేయడం పొరపాటు. జర్మనీలోనే అమ్ముడైన చాకుకు దాని అవసరం లేదు. అన్నిటికంటే గట్టి ఆధారం ‘పశ్చిమ జర్మనీ’: 1949కి ముందు ఆ దేశమే లేదు, 1990 తర్వాత ఆ పేరు లేదు. ‘రోస్ట్‌ఫ్రై’, అంటే తుప్పు పట్టనిది, అని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతిది అనుకోవచ్చు. ‘సోలింగెన్’ అన్న పేరుకు 1938లో చట్టరక్షణ వచ్చింది గానీ, దాన్ని అలుగుల మీద వేయడం అంతకు చాలా ముందే ఉంది.

పిడి కూడా సాక్ష్యమే. పాత సెల్యులాయిడ్ పిడి కర్పూరం వాసన వేస్తుంది, పాడైతే పక్కనున్న అలుగును తుప్పు పట్టిస్తుంది. ఖరీదైన చాకులకు బిగించిన గరుకు కొమ్ము చాలావరకు మన దేశపు సాంబార్ జింకది. అడవిలో రాలిన కొమ్ములు ఏరి అంత దూరం పంపేవారు; 1990ల చివర్లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది.