ఒక గురుతీర్థము

తీర్థమనగానే మనకు వేములవాడ, ధర్మపురి, కాళేశ్వరము, బాసర తలపునకు వచ్చును. ఉత్తర తెలంగాణమున కాపురముండు గృహిణులు వీనిలో నొకదానినైనను సేవింపక సంవత్సరము గడపుట యరుదు. అయితే తీర్థశబ్దమునకు గురువు అను నర్థమును నిఘంటువులు చెప్పుచున్నవి. ఒక గురువునొద్ద చదివినవారిని సతీర్థ్యులనుట యందుచేతనే. మే మిప్పుడు చెప్పబోవు యాత్ర యట్టి తీర్థమును గూర్చినది. ఇది ఫుట్‌బాల్ ఆటకు సంబంధించిన విషయమే యైనను, ఆడువారి కిందేమి పనియని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక.

మా వారు కరీంనగరమున ఉపాధ్యాయులు. రాష్ట్రముల జట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలలో కడపటి యాట 2024 డిసెంబరు 31వ తేదీన హైదరాబాదున జరుగునని తెలిసి, వారు సెలవు పెట్టిరి. మేమును బయలుదేరితిమి. తెల్లవారుజామున బస్సు మానేరు వంతెన దాటునప్పటికి జలాశయముపై మంచు తెరవలె క్రమ్ముకొని యుండెను. హైదరాబాదు అచటికి సుమారు 160 కిలోమీటర్లు. సిద్దిపేట, ప్రజ్ఞాపురము గడచి శామీరుపేట చేరునప్పటికి ఎండ బాగుగ నెక్కినది. పిమ్మట హకీంపేటయొద్ద ప్రభుత్వ క్రీడాపాఠశాల కానవచ్చును. చదువును ఆటను ఒక్కచోట నేర్పుట కేర్పడిన యీ పాఠశాలవంటివే కరీంనగరమునను ఆదిలాబాదునను గలవు.

బస్సు లోతుకుంట చేరగా మా వారు ప్రక్కదారిని చూపి, “ఇది అమ్ముగూడ పోవు దారి. తులసీదాస్ బలరాం పుట్టిన యూరు” అనిరి. బలరాం గారు బీదయింటి బిడ్డ. పందొమ్మిది వందల యేబదుల నాటి సంగతి. ఆట నేర్చుకొనుటకు అమ్ముగూడనుండి హైదరాబాదునకు రాకపోకలు సేయుటకు ఆయనయొద్ద డబ్బు లేదు. అద్దెసైకిలునకై దినమున కొక రూపాయి గురువే యిచ్చెనని బలరాం గారే పలుమారులు చెప్పుకొనిరి. ఆయన భారతజట్టున ప్రసిద్ధుడై, 2023 ఫిబ్రవరిలో పరమపదించెను. భారతమున ద్రోణుడు రాజకుమారుల కంటబడుట బంతిమూలముననే గదా! నూతిలో బడిన బంతిని తీసియిచ్చి యాయన వారికి గురువాయెను. కాని యేకలవ్యుడు వచ్చి యడిగినప్పుడు నేర్పనని త్రిప్పిపంపెను. ఈ గురువు మాత్రము బీదబాలునకు దారిఖర్చు నిచ్చి పిలుచుకొనెను.

ఆ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. జనులందరికి రహీం సాబు. 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగుచోట్ల బడిపంతులుగా పనిచేసెను. 1950 మొదలు మరణపర్యంతము హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లు వరుసగా బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీ హైదరాబాదునకే వచ్చినది. భారతజట్టు 1951లో ఢిల్లీ నగరమునను, 1962లో జకార్తా నగరమునను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొందుటయు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందుటయు ఆయన చేతిమీదుగనే జరిగినవి. అపజయములును లేకపోలేదు. 1952లో హెల్సింకి నగరమున మనవారిలో పలువురు వట్టికాళ్లతో నాడి, యుగోస్లావియా చేతిలో పదింటికి ఒక్క గోలుతో నోడిరి. ఆ యోటమినుండి నేర్చుకొనియే నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో ఆతిథేయులగు ఆస్ట్రేలియావారిని 4-2 గోళ్లతో గెలిచిరి. జకార్తా విజయమునకు పిమ్మట ఏడాదియైనను నిండకుండ, 1963 జూన్ 11వ తేదీన, క్యాన్సరు వ్యాధిచే ఆయన కన్నుమూసెను.

నగరమున లాల్ బహదూర్ స్టేడియమును, అనగా వెనుకటి ఫతేమైదానమును చుట్టివచ్చి, సాయంకాలమునకు గచ్చిబౌలి క్రీడాప్రాంగణము చేరితిమి. ఆ రాత్రి ఆట బెంగాలునకు, కేరళకు. తెలంగాణ జట్టు ముందే వెనుదిరిగినది. మా వరుసలో ముగ్గురు వృద్ధులు కూర్చుండియుండిరి. చిన్ననాడు సిటీ పోలీసు జట్టు ఆటలను కన్నులార చూచినవారట. మా వారు రహీం గారి పేరెత్తగానే వారి ముఖములు వికసించినవి.

మొదటివారు కప్పులనన్నిటిని వేళ్లమీద లెక్కించి, “ఇంతకన్న నేమి మిగుల్చవలెను?” అనిరి.

రెండవవారు తల యూపలేదు. “లెక్కించినంత మాత్రమున నేమి? 1962 తరువాత ఆసియా క్రీడలలో మనకు ఫుట్‌బాల్ స్వర్ణము రాలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన పిమ్మట సంతోష్ ట్రోఫీ యీ గడ్డకు రాలేదు. నేడు మన యింట పెండ్లి, పీటలమీద పరాయివారు! ఆయనతోనే అంతయు పోయినది” అనిరి.

మూడవవారు కొంతసేపు ఆటను చూచి మెల్లగా నిట్లనిరి: “మాస్టరుసాబూ, ఆ పిల్ల లెక్కడినుండి వచ్చిరో యెవరును అడుగరు. ఆయన బడిపిల్లలకు పోటీలు పెట్టుచుండెను. బంతిని తనయొద్ద నుంచుకొనక వెంటనే తోడివాని కందింపవలెనని యొక పోటీ. అలవాటులేని కాలితోనే తన్నవలెనని యొక పోటీ. పొట్టివారికి వేరుగ నొక పోటీ. బడి, మైదానము, పంతులు, ఈ మూడును ఉన్నంతకాలము పిల్లలు పుట్టుచునే యుండిరి. మైదానములపై కట్టడములు లేచినవి. పిల్లలు లేరు. ఇందులో రహీం సాబు తప్పేమి?”

దానికి రెండవవారు బదులు చెప్పలేదు. మొదటివారు మాత్రము, 1970లో బ్యాంకాకున కాంస్యపతకము పొందిన జట్టునకు నాయకుడు మన హైదరాబాదు నయీముద్దీన్ కాడాయని అడిగిరి. రహీం గారి శిష్యుడగు ప్రదీప్ కుమార్ బెనర్జీయు తరువాత గొప్ప శిక్షకుడు కాలేదాయనిరి. ఇట్లు విద్య శిష్యపరంపరగా కొంతదూరము నడచినదని మాకును తోచినది.

మా వెనుక పసుపుచొక్కాలు తొడిగిన యువకులు వేరొక గురువును తలచుకొనుచుండిరి. 2019లో నెలకొన్న హైదరాబాదు ఎఫ్.సి. జట్టు 2022లో దేశపు ప్రధానపోటీయగు ఇండియన్ సూపర్ లీగును గెలిచినది. అప్పటి శిక్షకుడు మనోలో మార్కెజ్ అను స్పెయిన్ దేశస్థుడు. 2023లో వెడలిపోయెను. “ఆయన కప్పుకన్న మాకు ప్రియమైనది, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి చిన్నవారిని నమ్మి యాడించుట” అని యొక యువకుడనెను. ముసలివారును పడుచువారును ఒకరినొకరు ఎరుగకుండగనే ఒకే మాట చెప్పుట మాకు వింతగా నుండెను. 2025లో ఆ జట్టు పేరు మారి ఢిల్లీకి తరలిపోయినది. ఆ పసుపుచొక్కాల యువకులకు నే డాడుటకు జట్టు లేదు, తలచుకొనుటకు శిక్షకుడు మాత్ర మున్నాడు.

ఆట చివరిక్షణములలో రవి హంసదా కొట్టిన ఒకే గోలుతో బెంగాలు గెలిచినది. మూడవ వృద్ధులు లేచి, తమ జట్టే గెలిచినట్లు చప్పట్లు కొట్టిరి.

సంక్రాంతికి మేము ఆదిలాబాదున మా అక్కగారింటికి పోయితిమి. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగా పోయి, సోన్ యొద్ద గోదావరిని దాటి, నిర్మల చేరి, మహబూబు ఘాటు నెక్కవలెను. టేకుచెట్ల నడుమ మలుపులు తిరుగు ఆ దారి కన్నులపండువు. ఆదిలాబాదు చలి మాత్రము ఎముకలు కొరుకును.

మా అక్కకుమార్తెకు ఎనిమిదేండ్లు. క్రీడాపాఠశాలలో నాలుగవ తరగతికి ఎంపికలు జరుగునని విని, తానును పోయెదనని పట్టు పట్టినది. అత్తగారు ముగ్గుపిండి కలుపుచు, “ఆడపిల్ల బంతి తన్ని ఏమి మూట గట్టును?” అనిరి. ఆమె మాట కొట్టివేయదగినది కాదు. కాళ్లు విరిగిన నెవరు చూతురు, చదువు పోయిన నెవరిత్తురు అను భయము ప్రతి తల్లికిని న్యాయమైనదే.

మేము వాదింపలేదు. వచ్చిన దారిలోనిదే నిజామాబాదు జిల్లా, అచటి గుగులోతు సౌమ్య యను నమ్మాయి భారత మహిళాజట్టున నాడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టువరకు పోయినదని చెప్పితిమి. అద్దెసైకిలు రూపాయి కథయు చెప్పితిమి. అత్తగారు చాలసేపు పలుకక, తుదకు, “ఆ పంతులు మంచివాడు. ఇచ్చట నేర్పువా రట్టివారేనా? ముందు చూచి రండి” అనిరి. మరునాడు బావగారు పిల్లను వెంటబెట్టుకొని, ఉన్నికుళ్లాయి పెట్టి, మైదానమునకు పోయిరి. ఎంపిక యగుట కాకపోవుట తరువాతి మాట. ప్రశ్న మాత్రము సరియైన చోటికి వచ్చినది.

రహీం గారి పేరు 2024లో వచ్చిన ‘మైదాన్’ అను హిందీ చిత్రముమూలమున క్రొత్తవారికిని తెలిసినది. తెలియుట మంచిదే. కాని గురువు మిగిల్చిన ధనము కథగా చెప్పుకొన్నంత మాత్రమున వృద్ధిపొందదు. మన పిల్లలు చదువు బడికి మైదానము కలదా, అందులో ఆడపిల్లలను దిగనిత్తురా, నేర్పువారు బీదబిడ్డను పేరుపెట్టి పిలుతురా యని తల్లులు అడుగవలెను. ఆ ప్రశ్నకు పట్నము పోనక్కరలేదు. కరీంనగరమునను ఆదిలాబాదునను, బిడ్డను బడిలో దింపునప్పుడు రెండు నిమిషములు నిలిచి యడిగిన చాలును.