ఎనిమిది ఎంబీలో ఎవరికి జాగా

మామూ కంప్యూటర్ 486. మెమరీ ఎనిమిది ఎంబీ, హార్డ్‌డిస్క్ 340 ఎంబీ. ఇప్పుడు ఫోన్లో ఒక ఫోటో తీస్తే ఆ మెమరీ సగం నిండిపోతుంది. కర్నూలు పాతబస్తీలో షాదీ రుఖ్కాలు, జల్సా పోస్టర్లు ఉర్దూలో కంపోజ్ చేసే దుకాణం ఆయనది. కాతిబ్‌ల చేతిపని తగ్గిపోయి ఇన్‌పేజ్ వచ్చిన రోజులు. మస్జిద్ కమిటీ అడిగితే ఖబ్రస్తాన్ రిజిస్టర్ కూడా ఆయనే టైప్ చేసిపెట్టాడు. ఎవరి ఖబర్ ఎక్కడ, ఏ చెట్టుకి ఎన్ని అడుగుల్లో, ఏ తారీఖున దఫన్ అయ్యింది అని.

2009 అక్టోబర్ వరదలో కాగితం రిజిస్టర్లు నీళ్ళలో నానిపోయాయి. కంప్యూటర్ మాత్రం మిద్దె మీద గదిలో ఉండి బతికింది. మామూ ఇంతెఖాల్ అయ్యాక ముమానీ దాన్ని నాకిస్తూ, "ఇస్కు ఫేంకో నక్కో బేటా, ఇస్మే తుమారే మామూ కా కామ్ హై" అన్నది.

డిస్క్ విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలిస్తే అయిపోతుంది కదా అంటారు. నేనూ తగిలించాను. ఈ కాలం అడాప్టర్లు ఎల్‌బీఏ అనే పద్ధతిలోనే డిస్కుతో మాట్లాడతాయి. మామూ డిస్క్ అంతకన్నా పాతది, సిలిండర్, హెడ్, సెక్టార్ లెక్క తప్ప ఇంకో జబాన్ దానికి తెలియదు. అందుకని దాని సొంత మదర్‌బోర్డు మీదే చదివించాలి. విండోస్ 95ని బూట్ చేయడం నాకిష్టం లేదు. అది లేవగానే డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తుంది. ఇది అమానత్. చదవాలే గాని ఒక్క హర్ఫ్ కూడా రాయకూడదు.

సో, ఫ్లాపీ మీద లినక్స్. నా ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టి, అందులో 1999 నాటి స్లాక్‌వేర్ 7 వేసి, 2.2 కెర్నెల్ కంపైల్ చేశాను. అసలు కథ ఇక్కడే. కెర్నెల్ కంపైల్ చేసేముందు ఒక పెద్ద ఫెహరిస్త్ వస్తుంది. ప్రతి డ్రైవర్‌కీ, ప్రతి ఫైల్‌సిస్టమ్‌కీ మూడు జవాబుల్లో ఒకటి చెప్పాలి: వై, ఎం, లేదా ఎన్. వై అంటే కెర్నెల్‌లోనే కలిసిపోయి ఉంటుంది. ఎం అంటే మాడ్యూల్, బయట కూర్చుని ఉంటుంది, పిలిస్తే వస్తుంది, పొమ్మంటే పోతుంది. ఎన్ అంటే వద్దు. ఎనిమిది ఎంబీల ఇంట్లో ఈ ఇంతెఖాబ్ చాలా హిసాబ్‌గా చేయాలి.

ముందు వై వాళ్ళు. ఫ్లాపీ డ్రైవర్, ర్యామ్‌డిస్క్, మినిక్స్ ఫైల్‌సిస్టమ్. వీళ్ళని మాడ్యూల్స్ చేయడానికి లేదు. మాడ్యూల్స్ ఉండేది రెండో ఫ్లాపీలో. ఆ ఫ్లాపీని చదవాల్సిందే వీళ్ళు. సందూక్ తాళంచెవి సందూక్‌లోనే పెట్టి మూస్తే ఎట్లా? మినిక్స్ ఎందుకంటే చిన్నది. లినక్స్ పుట్టినప్పుడు దానికున్న మొదటి ఫైల్‌సిస్టమ్ అదే. 1440 కేబీల ఫ్లాపీకి ఇంతకన్నా పెద్ద ఇంతెజామ్ అక్కర్లేదు. ఐడీఈ డిస్క్ డ్రైవర్, టీసీపీ ఐపీ కూడా వై.

ఎన్ వాళ్ళు చాలామంది. సౌండ్ కార్డ్ ఉంది, వద్దన్నాను. సీడీ డ్రైవ్ ఉంది, అదీ వద్దు. నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంపడానికి ఎన్‌ఎఫ్‌ఎస్ పెడదామా అని కాసేపు ఆలోచించాను. అది ఒక్కటే రాదు, సన్‌ఆర్‌పీసీ, లాక్‌డీ అని ఇద్దరు రిష్తేదార్లని వెంటేసుకొస్తుంది. దావత్‌కి ఒకర్ని పిలిస్తే ఖాందాన్ మొత్తం దిగినట్టు. దాని బదులు టార్‌తో మూటగట్టి, నెట్‌క్యాట్‌తో ల్యాప్‌టాప్‌కి తోసేయడం సులువు.

మిగిలింది ఎం. ఇక్కడే నాకు ఎక్కువ ఫికర్. విండోస్ 95 డిస్క్ చదవడానికి రెండు దారులున్నాయి. ఎంఎస్‌డాస్ అనే మాడ్యూల్, వీఫ్యాట్ అనే మాడ్యూల్. రెండూ ఫ్యాట్ అనే ఇంకో మాడ్యూల్ మీద నిలబడతాయి. ఎంఎస్‌డాస్ చిన్నది, జాగా తక్కువ తింటుంది. కానీ దానికి పేర్లు ఎనిమిది అక్షరాల వరకే కనిపిస్తాయి. మామూ "ఖబ్రస్తాన్ 1998 మష్రిఖ్ తరఫ్" అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టిన ఫైల్, అందులో ఆరు అక్షరాలు, ఒక వంకర గీత, ఒక అంకె అయిపోతుంది. మష్రిఖ్ ఏదో మగ్రిబ్ ఏదో తెలియదు. వీఫ్యాటే పెట్టాను. పేర్ల అక్షరాల కోసం సీపీ 437, ఐఎస్‌ఓ 8859-1 అనే రెండు చిన్న మాడ్యూల్స్ దానికి తోడు. యూటీఎఫ్-8ది వద్దు, మామూ ఫైల్ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలే.

నెట్‌వర్క్ కార్డ్ ఎన్‌ఈ2000 నకలు, ఐఎస్‌ఏ స్లాట్‌ది. దానికి 8390 అనే మాడ్యూల్ ముందు, ఎన్‌ఈ అనేది తర్వాత. ఈ తర్తీబ్ తప్పితే "అన్‌రిజాల్వ్డ్ సింబల్" అని వరసగా ఫిర్యాదులు. గవాహులు రాకముందే ఖాజీ గారు నికాహ్ చదవరు కదా, అంతే. మాడ్‌ప్రోబ్ అయితే ఎవరి తర్వాత ఎవరో తనే చూసుకుంటుంది, ఇన్స్‌మాడ్‌కి మనమే చెప్పాలి. ఫ్లాపీలో జాగా కోసం ఇన్స్‌మాడ్‌తోనే సర్దుకున్నాను. ఇంకోటి, ఎన్‌ఈని మాడ్యూల్‌గా పిలిచినప్పుడు కార్డ్ పోర్టు అడ్రస్ చెప్పి తీరాలి. తనంతట తాను వెతకదు. ఐఎస్‌ఏలో గుడ్డిగా తడిమితే వేరే కార్డ్ మీద చెయ్యి పడి మిషన్ మొత్తం బిగుసుకుపోవచ్చు. కార్డ్ మీద జంపర్ చూశాను, హెక్స్ 300.

అన్నీ వై పెట్టేస్తే పోయేది కదా, మాడ్యూల్స్ ఎందుకు అంటే, నాకు ఇక్కడ తర్తీబే ముఖ్యం. ముసలి డిస్క్. ఎన్ని నిమిషాలు తిరుగుతుందో అల్లాహ్‌కే తెలుసు. కాబట్టి ముందు నెట్‌వర్క్ లేవాలి, ల్యాప్‌టాప్‌తో మాట్లాడాలి, అటు వైపు ఫైల్ అందుకోడానికి తయారుగా ఉండాలి. అప్పటిదాకా వీఫ్యాట్ మెమరీలోనే ఉండకూడదు. కార్డ్ సెట్టింగ్ కుదరకపోతే ఆర్ఎంమాడ్‌తో తీసేసి మళ్ళీ పెట్టొచ్చు, రీబూట్ అక్కర్లేదు.

జుమా నమాజ్ అయ్యాక కూర్చున్నాను. రెండు ఫ్లాపీలు, బిస్మిల్లా. 8390, ఎన్‌ఈ. పింగ్‌కి జవాబొచ్చింది. తర్వాత ఫ్యాట్, వీఫ్యాట్, అక్షరాల మాడ్యూల్స్ రెండూ. రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఎల్‌ఎస్ కొడితే పేర్లు పూర్తిగా కనిపించాయి. మామూ అలవాటు ప్రకారం అన్నీ చిన్న అక్షరాలు. ముందు ఖబ్రస్తాన్ ఫోల్డర్ ఒక్కటే పంపాను, రుఖ్కాలు తర్వాత. డిస్క్ మధ్యమధ్యలో టక్ టక్‌మంటుంటే ముమానీ తలుపు దగ్గర నిలబడి తస్బీహ్ తిప్పుతూనే ఉంది.

1996 నుంచి 2003 దాకా ఎనిమిది ఫైళ్ళు. ఏడు సలామత్‌గా వచ్చాయి. ఇన్‌పేజ్ ఉన్న దోస్త్ దగ్గర తెరిస్తే నస్తాలీఖ్‌లో వరసలు వరసలుగా పేర్లు. కమిటీ సదర్ సాబ్ ప్రింట్ తీయించుకెళ్ళారు. మర్నాడే ఒకాయన వాళ్ళ దాదీ ఖబర్ వెతుక్కుంటూ వచ్చి, వేపచెట్టుకి పదకొండు అడుగులు అని చదివించుకుని వెళ్ళాడు.

2001 ఫైల్ మాత్రం సగంలో ఐఓ ఎర్రర్‌తో ఆగింది. ఆ ఫ్లాపీలు అట్లాగే ఉంచాను. వానాకాలంలో గది చల్లబడ్డాక, మంచి సెక్టార్లని ముందు ఏరి చెడ్డవాటిని దాటేసే పద్ధతిలో ఇంకోసారి చూస్తాను.